గడపలోపలికి తీగ తెచ్చిన రెడ్డెప్ప

పుంగనూరు కేబుల్ రెడ్డెప్ప ఇక లేడన్న వార్త, అతడు మా ఇంటికి లాగిన తీగలోంచే వచ్చింది. మొన్న మంగళవారం ఉదయం కుప్పం నుంచి మా అమ్మాయి సుజాత కంప్యూటరులో రెండు ముక్కలు రాసి పంపింది: "నాయనా, రెడ్డెప్పన్న పోయినాడంట. మదనపల్లె ఆస్పత్రిలో. గుండె." చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చదివాను. యాభై ఏళ్లు కూడా నిండని మనిషి. ముందు వారమే మా వీధి స్తంభమెక్కి, "అయ్యవారూ, కాఫీ ఉండాదా?" అని పైనుంచే కేకేసిన మనిషి. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. గురువు బతికుండగా శిష్యుడు పోవడమేమిటి? ఇదెక్కడి మర్యాద!

శిష్యుడంటే నిజంగా శిష్యుడే. పుంగనూరు ఉన్నత పాఠశాలలో నేను తెలుగు పండితుణ్ణి. అతడికి ఛందస్సు ఒంటబట్టలేదు. గణవిభజన చెయ్యమంటే రేడియో విప్పినట్టు పద్యాన్ని ముక్కలు చేసి, తిరిగి బిగించలేక బిక్కమొహం పెట్టేవాడు. "నువ్వు బాగుపడవురా" అని నిండు తరగతిలో శపించాను. నా వాక్శుద్ధి ఎంతటిదో తర్వాత లోకమంతా చూసింది.

తొంభైలలో అతడు మిద్దెమీద గొడుగులాంటి పెద్ద డిష్షు నిలబెట్టి ఇంటింటికీ టీవీ తీగ లాగినప్పుడు, పిల్లల చదువులు మంటగలుపుతున్నావని నడిబజారులో తిట్టాను. తల వంచుకుని విన్నాడు. "ఈ తీగలోనే ఒగనాడు సదువు కూడా వస్తాది, అయ్యవారూ" అన్నాడు. నేను పకపకా నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

పదేళ్లు తిరగకుండానే అన్నంత పనీ చేశాడు. బెంగుళూరులో పారవేసే పాత కంప్యూటర్లు తెచ్చి, బాగుచేసి, వాటికి ఇంటర్నెట్ తీగ కలిపి ఇళ్లల్లో పెట్టడం మొదలెట్టాడు. నెల బాడుగ ఏ ఇంట్లోనూ పాలఖర్చును దాటకూడదని నియమం పెట్టుకున్నాడు. పెద్దపంజాణి వైపు పల్లెలకు మామిడితోపుల మీదుగా తీగ లాగితే కోతులు కొరికేవి. లాగుతూనే ఉన్నాడు, అవి కొరుకుతూనే ఉన్నాయి. చివరికి విసుగెత్తింది కోతులకేగాని రెడ్డెప్పకు కాదు. ఏ భగీరథుడి ఓపికో ఆ ఆరడుగుల బక్కదేహంలో దాగి ఉండేది.

"ఇంటింటికీ ఎందుకురా ఈ యాతన? ఊరికొక కంప్యూటరు పంచాయతీ ఆఫీసులో పెడితే సరిపోదా?" అని ఒకసారి అడిగాను. నిచ్చెన గోడకానించి నావైపు తిరిగాడు. "ఊరందరికీ ఒగటే బాయి అంటే, ఆ బాయికాడికి ఎవురిని రానిస్తారో, ఎవురిని రానీరో మీకు తెలీదా అయ్యవారూ? అదే ఇంట్లో కొళాయి ఉంటే ఎవురినీ అడగాల్సిన పన్లేదు. ఆడపిల్లోళ్లు కూడా." బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటరులో తెరలు కట్టిన గదులున్నాయని, సుజాతను ఆ మెట్టెక్కనివ్వని ఘనుణ్ణి నేనే. ఆ వారమే మా ఇంటికి తీగ వచ్చింది.

ఇక అసలు సంగతి. ఆరేళ్ల కిందటి ఆయుధ పూజ. పై చదువుకు ఉపకారవేతనమిచ్చే ఢిల్లీ సంస్థ ఒకదానికి సుజాత దరఖాస్తు నింపుతోంది. ఆ వేతనం వస్తేనే పరిశోధన, లేకుంటే చదువు అంతటితో సరి. గడువు సరిగ్గా ఆ రోజు సాయంత్రం అయిదు గంటలు. మన ఆయుధ పూజ ఢిల్లీవాళ్లకేం పట్టింది! ఆఖరి పుట మిగిలి ఉండగా, మధ్యాహ్నం నేను భక్తి పొంగి, కంప్యూటరు పక్కనున్న మోడెమ్ అనే చిన్న పెట్టెను తడిగుడ్డతో తుడిచి, వెలిగే దీపాలన్నిటికీ గంధం పూసి, కుంకుమ అద్ది, మామిడాకుతో కలశోదకం చల్లాను. దీపాలు టపీమని ఆరిపోయాయి. సుజాత మోకాళ్లమీద తల పెట్టుకుని కూర్చుంది. అంతకంటే అది నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

ఇంటర్నెట్ సెంటరుకు నేనే పరిగెత్తాను. మూసి ఉంది. మదనపల్లెకు ఫోను చేస్తే అక్కడా అంతే, కంప్యూటర్లన్నీ పూజలో ఉన్నాయి. పూజలో పెట్టిన పనిముట్టును మరునాటిదాకా ముట్టరాదన్నది మా సీమ ఆచారం. రెడ్డెప్ప ఇంటికి పోతే, అక్కడా నిచ్చెన, కటింగ్ ప్లేయరు, తీగచుట్టలు సరస్వతి పటం ముందు పసుపు కుంకుమలతో వరుసగా ఉన్నాయి. నేను చెప్పింది విని అతడు పటంవైపు నడిచాడు. "పూజ సేసిన సామాను ముట్టుకుంటావా?" అని భార్య మునెమ్మ అడ్డొచ్చింది. "పూజ సేసింది పనికోసరమే గదా! తిట్టేటట్లయితే సరస్వతమ్మ నన్నే తిట్టనీ" అని కటింగ్ ప్లేయరు కళ్లకద్దుకుని తీశాడు. లోపలికెళ్లి మరో మోడెమ్ తెచ్చాడు. "కొత్తదేరా?" అన్నాను. "ఊరకనే పడుండాది, రాండి" అన్నాడు.

కుంకుమ నిండిన తీగకొన కత్తిరించి, కొత్త కొన బిగించి, పెట్టె మార్చాడు. దీపాలు వెలిగాయి. అయిదు గంటలకు ఇంకా కొంచెం ఉందనగా దరఖాస్తు వెళ్లింది. "ఈసారి గంధం గోడకు పూయండి, అయ్యవారూ" అని నవ్వి వెళ్లిపోయాడు. అలా వచ్చిన వేతనంతోనే సుజాత పరిశోధన పూర్తిచేసి నేడు కుప్పంలో పాఠం చెబుతోంది.

నిన్న పరామర్శకు వెళ్లి ఈ కథంతా మునెమ్మకు గుర్తుచేశాను. ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. "ఊరక పడిందేం కాదు అయ్యవారూ. అది మా ఇంటిదే. మా లత పరీచ్చకు దాంట్లోనే సదువుకుంటా ఉండింది. మద్రాసు నుంచి కొత్తవి వచ్చేదాకా మూడు నెలలు మాకు లేదు. ఊరంతా లైను ఇచ్చే నాయన ఇంట్లో లైను లేదని బిడ్డ ఏడిసింది. 'నీ పరీచ్చకింకా దినాలుండాయి, సుజాతమ్మకు గంటలే ఉండాయి' అని సముదాయించినాడు."

ఇంటికొచ్చి, ఆరేళ్లుగా నా బల్లమీద వెలుగుతున్న ఆ పెట్టెను విప్పి, పట్టుకుపోయి అతడి పటం ముందు పెట్టబోయాను. మునెమ్మ ఒప్పుకోలేదు. "ఏల తెచ్చినారు? ఆడనే ఉండనీండి. ఆయన పెట్టింది పనిచేస్తాంటేనే ఆయనకు బాగుంటాది" అంది.

బాగుపడవని శపించిన నోటితోనే చెబుతున్నాను: నా నలభై ఏళ్ల అధ్యాపకత్వంలో ఇంతటి మహనీయుడు మరొకడు నా ఎదుట బల్లమీద కూర్చోలేదు. గురువు శిష్యుడికి మొక్కరాదంటారు. పటం ముందు సాష్టాంగపడి మొక్కాను. శాస్త్రం ఒప్పుకోకపోతే దాని ఖర్మ.

పెట్టెను మళ్లీ బల్లమీద పెట్టానుగాని, తీగ ఎక్కడ తగిలించాలో నాకు చేతకాలేదు. అలవాటుగా వీధిలోకి వచ్చి, "ఒరే రెడ్డెప్పా!" అని కేకేసి, స్తంభంవైపు చూశాను. కాఫీ ఉందా అని ఎవరూ అడగలేదు.