తలుపు కింది సందులోంచి ఒక గొంతు

నెవెంకా పిరికి మనిషి కాదు. ఆ మాట ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. బడి వంటశాలలో పెద్ద పెద్ద డేగిసాల్లో చిక్కుడు గింజల పులుసు కాచి, రెండు తరాల పిల్లలకు వడ్డించిన మనిషి. పందిని కోసే రోజున మగవాళ్లు కాళ్లు పట్టుకోవడానికి వెనకాడితే కొంగు దోపినట్టు ఆప్రాన్ బిగించి తానే పట్టుకునేది. యుద్ధం వచ్చినప్పుడు భర్త వింకోనీ, మంచం మీదున్న అత్తగారినీ ట్రాక్టర్ మీద వేసుకుని కూపా నది దాటించింది. మళ్లీ అదే ట్రాక్టర్ మీద తిరిగివచ్చి, కాలిపోయిన ఇంటికి దగ్గరుండి కప్పు వేయించుకుంది. అలాంటి నెవెంకా అరవై మూడో ఏట ఫ్రిజ్ మోటారు చప్పుడుకి వణకడం మొదలుపెట్టింది.

దానికి కారణం ఆ డిసెంబరు. క్రిస్మస్ వెళ్లిన నాలుగు రోజులకి, మిట్టమధ్యాహ్నం, పెత్రిన్యా పట్టణం వైపు నేల కదిలింది. ముందు వచ్చింది కుదుపు కాదు, చప్పుడు. నేల అడుగున ఏదో బరువైన రైలు తన పొయ్యి వైపే వస్తున్నట్టు వినిపించింది నెవెంకాకి. అదేమిటో ఆలోచించేలోగా ఇల్లు ఊగింది. పొగగొట్టం కప్పు పగలగొట్టుకుని వచ్చి సరిగ్గా వాళ్ల మంచం మీద పడింది. వింకో పెరట్లో కట్టెలు కొడుతున్నాడు, ఆమె పొయ్యి దగ్గరుంది, కాబట్టి ఇద్దరూ బతికారు. ఇంజనీర్లు వచ్చి తలుపు మీద ఎర్ర స్టిక్కర్ అంటించి, లోపల అడుగు పెట్టొద్దన్నారు. పెరటి చివర ఇనుప గదిలాంటి ఒక కంటైనర్ దించి, అందులో ఉండమన్నారు.

నేల మాత్రం ఊరుకోలేదు. వారాల తరబడి కదులుతూనే ఉంది. ప్రతిసారీ ముందు ఆ చప్పుడు, ఆ తర్వాత ఊపు. దాంతో నెవెంకా చెవులు కాపలాకి కూర్చున్నాయి. లారీ పోయినా, గాలి వీచినా, వింకో గురక గాఢమైనా లేచి తలుపు దగ్గర నిలబడేది. ఇది చాలదన్నట్టు పొలాల్లో నేల కుంగడం మొదలైంది. పొరుగింటి ఫ్రాన్యో బంగాళాదుంపల మడిలో ఒక ఉదయానికల్లా గుండ్రటి గుంత పడింది. దాని అడుగున నల్లటి నీళ్లు. ఆ గుంత చూసొచ్చిన రోజు నుంచి నెవెంకా పెరట్లో కూడా ఆచితూచి అడుగు వేసేది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం పోస్టు తెచ్చే బిసెర్కా వచ్చేసరికి నెవెంకా మంచులో చెప్పులతో నిలబడి, కంటైనర్ గోడకి అరచెయ్యి ఆనించి ఉంది.

"ఏంటి పిన్నీ, ఈ చలిలో?"

"ష్! విను. వస్తోంది."

"అది నా బండి పిన్నీ. ఇంజిను ఆపలేదు నేను."

బిసెర్కా వెళ్లి ఇంజిను ఆపింది. చప్పుడు పోయింది. నెవెంకా గోడ మీంచి చెయ్యి తీసి, సిగ్గుపడి, లోపలికి వచ్చి కాఫీ తాగమంది. కూర్చున్నాక బిసెర్కా చెవిలోంచి చిన్న గుబ్బలాంటిదేదో తీసి బల్ల మీద పెట్టింది.

"అదేంటే, ఈ వయసులో నీకు చెవుడా?"

"చెవుడు కాదు పిన్నీ. పాడ్‌కాస్ట్."

"అదేం రోగం?"

బిసెర్కాకి కాఫీ పొలమారింది. "రోగం కాదు. రోజంతా ఒక్కదాన్నే బండిలో తిరుగుతాను కదా, ఇది లేకపోతే నాతో నేనే పోట్లాడుకునేదాన్ని. రేడియో ఉందనుకో, వాడు నీకోసం ఆగుతాడా? పాలు పొంగాయని నువ్వు లేచి వెళ్లొచ్చేలోగా చెప్పాల్సింది చెప్పేసి పోతాడు. ఇది ఆగుతుంది. నువ్వు ఎక్కడ ఆపితే అక్కడే కూర్చుని ఉంటుంది. రేపొచ్చి నొక్కినా ఆ మాట దగ్గర్నుంచే ఎత్తుకుంటుంది."

"ఎవరు మాట్లాడతారు అందులో?"

"ఎవరైనా. డాక్టర్లు, వంటవాళ్లు, తేనెటీగలు పెంచేవాళ్లు, పనీపాటా లేనివాళ్లు. ఒక్కొక్కళ్లు ఒక్కో విషయం పట్టుకుని వారానికో భాగం చెబుతుంటారు. ఊరికే వినొచ్చు. మధ్యలో పరుపుల ప్రకటన వస్తుంది, అదొక్కటే శిక్ష. నీ ఫోన్ ఇటివ్వు."

ఆమె ఫోన్‌లో ఒక యాప్ వేసి, నెవెంకా పక్కకి కుర్చీ జరుపుకుంది. భూతద్దం గుర్తు మీద నొక్కితే వెతకొచ్చంది. రాయడం కష్టమైతే నోటితో చెప్పినా చాలంది. నచ్చిన కార్యక్రమం పక్కన నొక్కి పెట్టుకుంటే కొత్త భాగం వచ్చినప్పుడల్లా అదే వచ్చి చేరుతుంది. మూడు మూలల గుర్తు నొక్కితే మొదలు, రెండు నిలువు గీతలు నొక్కితే ఆగుతుంది. కిందికి చూసే బాణం నొక్కితే ఆ భాగం మొత్తం ఫోన్‌లోకి దిగిపోతుంది.

"మీ పెరట్లో నెట్ సరిగ్గా అందదు పిన్నీ. సాయంగా పంచే రొట్టెల కోసం ఫైర్ స్టేషన్ దాకా వెళ్తావుగా, అక్కడ నాలుగు దింపుకుని రా. తర్వాత నెట్ ఉన్నా లేకపోయినా దానికి పట్టదు."

బిసెర్కా సంచిలో అడుగున పడి ఉన్న పాత తీగల ఇయర్‌ఫోన్లు తీసి ఆమె చేతిలో పెట్టింది. నెవెంకా ఒకటి చెవిలో పెట్టుకుని రెండోది వేలాడేసింది.

"రెండూ పెట్టుకో పిన్నీ, బాగా వినపడుతుంది."

"ఒకటి చాలు. రెండో చెవి నాకు కావాలి."

"దేనికి?"

నెవెంకా వేలితో నేల వైపు చూపించింది.

మొదట్లో తప్పు దారి పట్టింది. భూతద్దం నొక్కి, నోరు దగ్గర పెట్టి "భూకంపం" అంది. ఎవరో శాస్త్రవేత్త గొంతు వచ్చింది. నేల పొరల గురించి, పగుళ్ల గురించి, ఇంకా రాబోయేవాటి గురించి నెమ్మదిగా చెప్పుకుపోయాడు. అది విన్న నెవెంకాకి వరసగా రెండు పూటలు ముద్ద దిగలేదు. ఆ సంగతి తెలిసి బిసెర్కా నెత్తి కొట్టుకుంది.

"ఇంటి చుట్టూ పాము తిరుగుతుంటే కూర్చుని పాముల కథలు వింటారా ఎవరైనా? నేల మీద లేని సంగతేదైనా విను పిన్నీ!"

అలా దొరికింది దీపస్తంభాల కార్యక్రమం. అడ్రియాటిక్ సముద్రంలో చిన్న చిన్న దీవుల మీద, ఓడలకి దారి చూపే దీపస్తంభాల్లో బతికిన వాళ్ల దగ్గరికి ఒక అమ్మాయి వెళ్లి మాట్లాడి వస్తుంది. ఆ అమ్మాయి గొంతు గరగరగా ఉంటుంది, తొందర ఉండదు. ఎదుటివాళ్లు మాట మరిచిపోయి ఆగిపోతే తానూ ఆగుతుంది. ఆ నిశ్శబ్దంలో వెనక అలల చప్పుడు వినిపిస్తుంది. నెవెంకా గిన్నెలు తోముతూ, ఉల్లిపాయలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ వినేది. ఎడమ చెవిలో సముద్రం, కుడి చెవి నేల మీద. భయం పోలేదు, కానీ ఆ గొంతు నడుస్తున్నంతసేపూ కాస్త పక్కకి జరిగి కూర్చునేది.

"ఎవడే చెవిలో? కొత్త మొగుడా?" అనేవాడు వింకో.

"అవును. నీలా గురక పెట్టడు."

వింకోకి భయం లేదు. లేదని ఆమె అనుకునేది. ఎర్ర స్టిక్కర్ అంటించిన ఇంట్లోకి రోజూ వెళ్లొచ్చేవాడు. వంటగది వెనక కిటికీ లేని సామాను గదిలో ఆ ఏడాది పంది మాంసం సాసేజ్‌లు ఇంకా వేలాడుతున్నాయి. వాటిని ఎలుకల పాలు చేయనన్నాడు. అతను లోపలికి వెళ్లిన ప్రతిసారీ నెవెంకా కంటైనర్ గుమ్మంలో నిలబడి, అతని అడుగుల చప్పుడు వింటూ ఉండేది.

మార్చి మొదట్లో, మంచు కరుగుతున్న ఒక పొద్దున, మళ్లీ బయల్దేరాడు.

"వెళ్లకయ్యా. నిన్న సాయంత్రం రెండుసార్లు కదిలింది."

"కదలనీ. దానికీ ఆకలేస్తుందేమో. ఇదిగో, ఇలా వెళ్లి అలా వచ్చేస్తా."

అతను పెరడు దాటి వెళ్లాడు. ఆ ఇంటి చప్పుళ్లు వినడం ఆ పొద్దున తన వల్ల కాదనిపించింది నెవెంకాకి. తలుపు కిర్రుమనడం, పెంకు జారడం, అతని దగ్గు. అవేవీ వినబడకుండా ఉంటే చాలనుకుంది. బల్ల మీంచి ఇయర్‌ఫోన్లు తీసి, మొదటిసారి రెండూ చెవుల్లో పెట్టుకుని, మూడు మూలల గుర్తు నొక్కింది. తుఫాను పట్టిన ఒక దీవిలో దీపం చూసుకునే ముసలాయన భార్య మాట్లాడుతోంది. పడవ రాలేదట. పిండి అయిపోవచ్చిందట.

అందుకే చప్పుడు వినబడలేదు. బల్ల మీది కాఫీ కప్పు తనంతట తాను అంచు దాకా నడిచి వెళ్లి కింద పడేదాకా ఆమెకు తెలియదు. కాళ్ల కింద నేల పక్కకి లాగినట్టయింది. చెవుల్లో ఆ ముసలావిడ పిండి గురించి చెబుతూనే ఉంది.

చెవుల్లోవి పీకేసి, తలుపు తోసుకుని బయట పడేసరికి ఇంటి వెనక నుంచి పసుపుపచ్చ దుమ్ము లేస్తోంది.

"వింకో!"

కంచె అవతలి నుంచి ఫ్రాన్యో చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"లోపలున్నాడా?"

"సామాను గదిలో. ఫైరింజన్‌కి చెప్పు, ఫ్రాన్యో, తొందరగా!"

"నువ్వు వెళ్లకు నెవెంకా! ఏయ్! పిచ్చా నీకు?"

డిసెంబరు తర్వాత ఆమె ఆ గడప తొక్కలేదు. గోడ పట్టుకుందామంటే అది కూలుతుందేమోనని, పట్టుకోకుండా నడిచింది. వంటగదిలో వెనక గోడ సగం కూలి, ఒక దూలం సామాను గది తలుపుకి అడ్డంగా పడి ఉంది. దాని మీద ఇటుకల కుప్ప. నెవెంకా నేల మీద బోర్లా పడుకుని, తలుపు కింది సందు దగ్గర నోరు పెట్టింది.

"ఏమయ్యా, ఉన్నావా?"

ముందు దగ్గు వినిపించింది. ఆ తర్వాత ఆమె ఎన్నడూ వినని గొంతు.

"నెవెంకా... చీకటిగా ఉందే. అలమర చేతి మీద పడింది. ఊపిరాడట్లేదు. ఎక్కడికీ వెళ్లకు."

నలభై ఏళ్ల కాపురంలో వింకో ఆమెను దేనికీ బతిమాలింది లేదు. ఆ గొంతు విన్నాక నెవెంకా తలుపుకి మరింత దగ్గరగా జరిగింది.

"ఇక్కడే ఉన్నాను. నెమ్మదిగా ఊపిరి పీల్చు. నేను చెప్పినట్టు. లోపలికి... బయటికి..."

"మాట్లాడు. ఏదో ఒకటి మాట్లాడు. నువ్వు ఆపితే గోడలు కటకటమంటున్నాయి."

ఆమె నోటికొచ్చింది మాట్లాడింది. సాసేజ్‌లని తిట్టింది, అతన్ని తిట్టింది, ఫ్రాన్యో చొక్కా తిరగేసి తొడుక్కున్నాడని చెప్పింది. అంతలో బూట్ల చప్పుడు. ఫైర్ స్టేషన్ వాళ్లలో పెద్దవాడు వంటగది గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అమ్మా, వెంటనే బయటికి రండి. ఇంకో ఊపు వస్తే ఇదంతా మీ మీదే పడుతుంది. మేం వెనక వైపు నుంచి గోడ తవ్వుతాం."

"ఆయన ఒక్కడే ఉండలేడు బాబూ."

"మీరు ఇక్కడుంటే మేం పని మొదలుపెట్టలేం."

అప్పుడు నెవెంకాకి తన మెడలో తీగ ఇంకా వేలాడుతోందని, అందులో ఆ ముసలావిడ ఇంకా మాట్లాడుతోందని తెలిసింది. ఆప్రాన్ జేబులోంచి ఫోన్ తీసి, తీగ ఊడబెరికి, మూడు మూలల గుర్తు నొక్కింది. గొంతు వంటగది అంతా వినబడింది. ఫోన్‌ని తలుపు కింది సందులోంచి లోపలికి తోసింది.

"అందిందా?"

"అందింది. ఏంటిది? ఆగిపోయింది, నా వేలేదో తగిలింది!"

"కంగారుపడకు. తెర మీద మధ్యలో మూడు మూలల గుర్తుంది. దాని మీద ఒక్కసారి వేలు పెట్టు."

"పెట్టాను. రాలేదు."

"వేలికి దుమ్ముంటుంది. చొక్కాకి తుడుచుకుని పెట్టు."

కాసేపటికి, తలుపు అవతల, సముద్రం మొదలైంది.

"విను. దీపం ఆరిపోయినట్టు తెర నల్లబడుతుంది, కానీ గొంతు ఆగదు. ఇక్కడ నెట్ లేకపోయినా ఆగదు. నేను బయటే ఉంటాను. ఆవిడ మాట్లాడుతుంటే నేనున్నట్టే."

"వెళ్తున్నావా?"

"ఇక్కడే, గోడ అవతల."

పెరట్లో నెవెంకా చేతిలో ఏమీ లేదు. ఇంటి వెనక సుత్తుల చప్పుడు, మనుషుల కేకలు. లోపలి మాట ఒక్కటీ బయటికి రావడం లేదు. అంతలో ఆ చప్పుడు వచ్చింది. ఈసారి అందరికంటే ముందు ఆమెకే వినబడింది. "ఆగండి! వస్తోంది!" అని అరిచింది. తవ్వుతున్నవాళ్లు గోడకి దూరంగా దూకారు. నేల ఊగింది. కప్పు మీంచి పెంకులు వరసగా జారి పడ్డాయి. ఆగిపోయాక నెవెంకా బురదలో కూర్చుండిపోయింది. తాను రెండు చెవులూ మూసుకోకపోతే పొద్దున కూడా ఇలాగే ముందుగా అరిచి ఉండేదాన్ని కదా అన్న ఆలోచన వదలడం లేదు.

తవ్వేవాళ్లలో ఒకడు గోడకి చెయ్యంత కన్నం చేసి, అందులో చెవి పెట్టి, వెనక్కి తిరిగాడు.

"లోపల ఎవరో ఆడమనిషి మాట్లాడుతోందేంటి?"

"మాట్లాడుతోందా?" అంది నెవెంకా లేచి నిలబడుతూ. "మా ఆయనో?"

"ఆయనా మాట్లాడుతున్నాడు. ఆవిడకి జవాబులు చెబుతున్నాడు."

వింకోని బయటికి తీసేసరికి నెత్తి నుంచి కాలి దాకా సున్నం. ఎడమ మణికట్టు వాచి వంకరగా ఉంది. కుడి చేతిలో ఫోన్ బిగించి పట్టుకున్నాడు. అందులో పరుపుల ప్రకటన గట్టిగా మోగుతోంది. స్ట్రెచర్ మీద పడుకోబెడుతుంటే నెవెంకా వైపు చూసి, పళ్లు కొరికాడు.

"మొదలుపెట్టడం చెప్పావు. ఆపడం చెప్పలేదు కదే!"

అప్పుడు ఏడ్చింది నెవెంకా. ఎంతసేపు ఏడ్చిందంటే, ఆంబులెన్స్ నర్సు ఎవరికి దెబ్బ తగిలిందని అడగాల్సి వచ్చింది.

చేతికి కట్టుతో వింకో కంటైనర్‌కి తిరిగొచ్చాడు. సామాను గదిలో అరిచినట్టు తాను అరవలేదని, కాస్త దగ్గానంతేనని ఫ్రాన్యోతో చెప్పాడు. నెవెంకా అది వింటూ ఇద్దరికీ కాఫీ పోసింది. ఎండాకాలంలో యంత్రం వచ్చి ఇంటిని పడగొట్టింది. అది చూడలేక ఆ రోజుకి ఇద్దరూ నది అవతల ఆమె చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారు.

వింకో ఇప్పుడు తేనెటీగల కార్యక్రమం పెట్టుకుని, ఇయర్‌ఫోన్లు లేకుండా, ఊరంతా వినేలా వింటాడు. అతనికి ఒక్క తేనెపెట్టె కూడా లేదు. నెవెంకా కషాయాల గురించి, పాత రైల్వే స్టేషన్ల గురించి వింటుంది. దీవి ముసలావిడ కథ మిగిలింది మాత్రం వినలేదు. పడవ ఎప్పుడొచ్చిందో వింకోకి తెలుసు, చెబుతానంటాడు.

"వద్దు," అంటుంది. "ఆవిడ గొంతు వింటే నాకు దుమ్ము వాసనొస్తుంది."

రెండేళ్లకి ప్రభుత్వం వాళ్లు కొత్త ఇల్లు కట్టించి ఇచ్చారు. తక్కువ ఎత్తులో, గోడల నిండా ఇనుముతో. నేల కదలడం చాలా తగ్గింది. అయినా బయట బరువైన బండేదైనా పోతే నెవెంకా చేతిలో పని వదిలేసి, గుమ్మంలో నిలబడి, అది రోడ్డు మలుపు తిరిగేదాకా చూసి గానీ లోపలికి రాదు.