ఫ్రిజ్‌కి పెట్టిన బొట్టు

మొన్న మహర్నవమి నాడు కారు బ్రేకులు చూపిద్దామని ఆటోనగర్ వెళితే, షెడ్డులో మెషీన్లన్నీ కట్టేసి పసుపు కుంకుమలు పెట్టి ఉన్నాయి. "ఈరోజు పనిముట్లకి సెలవండీ, ఎల్లుండి రండి" అన్నాడు మేస్త్రి. పండగపూట బొట్టు పెట్టిన మెషీన్ను చూసి జడుసుకునే మనిషిని బెజవాడ మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

రీసెర్చిలో చేరిన కొత్తలో మా ల్యాబులో ఒక అక్క ఉండేది. సొంత అక్క కాదు, నాకు పని నేర్పిన సీనియర్. మినుములు నానబోసి, మొలకలెత్తించి, రుబ్బి, అందులోంచి ఒకే ఒక్క ప్రొటీన్ను విడదీయడం ఆమె పని. మా అమ్మ "గారెలకా?" అని అడిగేది. గారెలైతే ఏనాడో అయిపోయేవి. రుబ్బి వడకట్టిన నీళ్లను గాజు గొట్టంలోంచి చుక్క చుక్కగా జార్చి, పనికొచ్చే చుక్కల్ని చిన్న ట్యూబుల్లో పట్టి, చల్లదనం తగ్గకుండా కాపాడాలి. వెచ్చబడితే ప్రొటీన్ పాడవుతుంది. "చేతివేడి కూడా తగలకూడదమ్మా!" అని మా ఇద్దరికీ గైడైన సారు గయ్యిమనేవారు. ఆ ఏడు ఎట్టకేలకు, శుద్ధి పరీక్షించే జెల్ మీద నీలంగా ఒక్కటే గీత పడింది, అంటే ప్రొటీన్ శుద్ధంగా వచ్చినట్టు. ఇక ఆఖరి పరీక్ష మిగిలింది. ఆమె పనిచేసే కాలేజీ వాళ్లిచ్చిన సెలవు దసరాతో సరి. ఆలోగా అయితే డాక్టరేటు, లేకపోతే లేదు.

మహర్నవమి మర్నాడు ఆ పరీక్ష చేద్దామని వెళ్లేసరికి ఫ్రిజ్ తలుపుకి చక్కగా పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టి ఉంది. అక్క నవ్వుతూ తెరిచింది. చల్లగాలి తగలాల్సిన మొహాలకి పులిసిన పిండివాసన కొట్టింది. లోపల లైటు వెలగలేదు.

"ఎవరు కట్టేశారే?" అంది అక్క, నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

"నేనేనమ్మా" అన్నారు వెనకనుంచి సారు. "ఆయుధపూజ కదా, అన్నిటికీ విశ్రాంతి ఇద్దామని మెయిన్ కట్టేసి..." మాట పూర్తికాకుండానే ఆయనకు అర్థమైంది. కుర్చీలో కూలబడిపోయారు. చేతివేడికే గయ్యిమనే మనిషి! ఇప్పటికీ నమ్మలేను.

జెల్ వేసి చూశాం. గీత లేదు, పొడుగ్గా ఒక మరక మిగిలింది. "పోన్లెండి సార్, పండగకి అదీ విశ్రాంతి తీసుకుంది" అంది అక్క. ఆ మాటకి సారు ఏడ్చేశారు. కాలేజీ వాళ్లు సెలవు పొడిగించలేదు. అక్క గన్నవరంలో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయింది, డాక్టరేటు ఊసెత్తలేదు.

ఆటోనగర్ నుంచే ఆమెకు ఫోన్ చేశాను. ఏటా దసరాకి చేస్తాను, ఎత్తగానే ఆమె అడిగేదీ ఒకటే.

"మీ ల్యాబులో ఫ్రిజ్ నడుస్తోందా?"

"నడుస్తోందక్కా."

ప్రొటీన్ను ఐసులో దాచడం ఆమే నాకు నేర్పింది. ఆమె సెలవురోజుల్ని దాచే విద్య మాత్రం మా ఇద్దరికీ ఎవరూ నేర్పలేదు.