ఒకవైపే అరిగిన రాగి డబ్బు

మా ఏలూరు నాణేల సంఘంలో నాకు మాట్లాడే వంతు ఎప్పుడూ ఆఖరునే వస్తుంది. అప్పటికి కాఫీలు అయిపోయి, సగంమంది మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. టిఫిన్ హోటల్ మేడ మీది ఆ గదిలో రాగి నాణేల గ్రేడింగ్ గురించి నేను లేచి నిలబడినప్పుడల్లా కార్యదర్శిగారు ఫ్యాన్ కట్టేస్తారు. ఒకసారి లైటు కూడా కట్టేశారు. నాకన్నీ గుర్తే. అక్కడ ఎవరూ విననిది ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివారికి ముందు సంగతి చెప్పాలి. పాత నాణేన్ని గ్రేడింగ్ కంపెనీకి పంపితే, వాళ్లు పరీక్షించి, డెబ్బైకి ఇన్ని అని మార్కు వేసి, తెరవడానికి వీల్లేని ప్లాస్టిక్ డబ్బాలో మూసి తిప్పి పంపుతారు. బంగారంతో పెద్ద పేచీ లేదు. రాగితోనే తంటా. అది గాలికి నల్లబడుతుంది, తడికి పచ్చబడుతుంది, ఎవరైనా చింతపండుతో తోమితే తళతళలాడి విలువ పోగొట్టుకుంటుంది. ఒకరు నిగారింపు అన్నదాన్ని ఇంకొకరు మురికి అంటారు. ఆ మాట మీద మా సంఘంలో ఇద్దరు వియ్యంకులు కొన్నాళ్లు పలకరించుకోలేదు.

నాణేలు డబ్బాల్లోనే ఉండాలనే పక్షానికి పెద్ద, తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే నా స్నేహితుడు. మాకు ఏ చుట్టరికమూ లేదు గాని నన్ను బావగారూ అంటాడు. నేనూ అంతే. ఆయన బీరువాలో నాణేల డబ్బాలు పుస్తకాల్లా నిలబడి ఉంటాయి. రాగిని అంచులు పట్టుకోవాలే తప్ప ముఖం ముట్టుకోకూడదని, చేతి చెమట చాలు దాన్ని చంపడానికని, కొత్తగా చేరిన ప్రతివారికీ పాఠం చెబుతాడు. ఆయన సిద్ధాంతం ఒక్కటే. చేతులు మారి అరిగితే అది చలామణీ. ఇంకెలా అరిగినా అది పాడుచేయడం.

నా దగ్గర తెల్లదొరల కంపెనీ కాలపు రాగి డబ్బు ఒకటి ఉంది. ఒకవైపు సింహాలు, రెండోవైపు గుండె ఆకారంలో కంపెనీవారి సరుకు గుర్తు. అది మా అమ్మది. మాది మండవల్లి అవతల, కొల్లేటి ఒడ్డు ఊరు. పసిపిల్లలకు బొడ్డు ఉబికితే ఆ డబ్బు కోసం మా ఇంటికి వచ్చేవారు. అమ్మ దాన్ని అరచేతుల మధ్య రుద్ది వెచ్చబెట్టేది. "చల్లగా తగిలితే పిల్లలు ఉలిక్కిపడతారమ్మా" అనేది. ఆముదం రాసి, బొడ్డు మీద ఆనించి, పాత చీర పేలికతో వదులుగా కట్టేది. సింహాలు ఎప్పుడూ పైకే ఉండాలి. సింహం పిల్లల కడుపు మీద పడుకోకూడదని ఆవిడ లెక్క. అందుకని సింహాల జూలు ఇప్పటికీ తెలుస్తుంది, గుండె గుర్తు మాత్రం నీళ్లలో రాయిలా నునుపెక్కిపోయింది. రైతుల ఇళ్లకు, చేపలు పట్టేవారి ఇళ్లకు, చర్చి పక్క వీధికి అది వెళ్లేది. ఎవరి ఇంటికి వెళ్లినా ఆముదం వాసనతో తిరిగి వచ్చేది. నా బొడ్డు మీదా ఉందట. నాకు గుర్తు లేదు. నాకు గుర్తు లేని విషయం నా జీవితంలో అదొక్కటే కావచ్చు.

అమ్మ పోయాక, ఆ డబ్బును నాణేల సంగతి తెలిసినవారెవరైనా ఒక్కసారి శ్రద్ధగా చూడాలనిపించింది. గూడెం బావగారు తన నాణేలతో కలిపి దాన్నీ గ్రేడింగ్‌కు పంపాడు. డబ్బాలో తిరిగి వచ్చింది. మార్కు లేదు. "ఒక ముఖం కావాలని నునుపు చేయబడింది" అని చీటీ.

కావాలని నునుపు చేశారట. మా అమ్మ. పసిపిల్లల పొట్టలతో.

"రూలు రూలేనండీ బావగారూ" అన్నాడాయన.

"చేతులు మారితే చలామణీ అన్నారుగా? మా ఊళ్లో అది తిరిగినంతగా ఏ బజారులో తిరిగిందండీ?"

"చేతులు మారింది సరే. అరిగింది చేతుల్లో కాదుగా."

సంఘంలో ఉన్న కాలేజీ లెక్చరరుగారు "ఇది బొడ్డు గ్రేడు" అన్నారు. అందరూ నవ్వారు. నేను లెక్చరరుగారిని అప్పటినుంచీ ఏవండీ అని మాత్రమే పిలుస్తున్నాను, పేరు పెట్టి పిలవడం మానేశాను. గ్రేడింగ్ కంపెనీకి ఫిర్యాదు రాశాను. మీ సందేశం అందింది అని యంత్రం జవాబిచ్చింది. మళ్లీ రాశాను. మళ్లీ అందింది. డబ్బా మాత్రం ముట్టుకోలేదు. పైన చీటీ, లోపల డబ్బు, రెండూ కలిసి ఉంటేనే కదా వాళ్లు చేసిన అన్యాయానికి సాక్ష్యం. తెరిస్తే నా పోరాటం అంతటితో సరి.

ఒక ఆదివారం బావగారు గూడెం నుంచి ఉల్లిపాయల సంచీతో వచ్చాడు. మా ఇద్దరికీ మాట పట్టింపు వచ్చినప్పుడల్లా ఆయన రాజీ మాట సంచీతోనే వస్తుంది. ఇంకా కూర్చోలేదు, మా ఊరావిడ ఒకామె మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. ఏలూరులో పిల్లల డాక్టరుకు చూపించి వస్తోందట.

"బొడ్డు ఉబికిందండీ అన్నయ్యగారూ. అదే తగ్గిపోతుంది, ఏమీ కట్టొద్దన్నారు డాక్టరుగారు. కట్టనండి. పెద్దమ్మగారి డబ్బు ఒక్కసారి ఆనించి ఇచ్చేస్తాను. దీని అమ్మకీ అదే, నాకూ అదేనండి."

నేను డబ్బా తెచ్చి చూపించాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేంటండీ, అద్దాల పెట్టెలో పెట్టేశారు? ఊపిరాడద్దూ దానికి?"

ప్లాస్టిక్ మీంచే ఆనించబోయింది. పిల్ల ఏడుపు లంకించుకుంది. నేను డబ్బా వెనక్కి తీసుకున్నాను. ఇస్తే సాక్ష్యం పోతుంది. ఇవ్వకపోతే, అమ్మ ఎవరికీ కాదనని వస్తువును మొదటిసారి నేను కాదన్నట్టవుతుంది. ఎటూ తేలక నిలబడిపోయాను.

"కటింగ్ ప్లేరుందా మీ ఇంట్లో?" అన్నాడు బావగారు.

"సాక్ష్యమండీ అది."

"సాక్ష్యానికి నేనున్నాను కదండీ. తెండి."

తువ్వాలులో చుట్టి, మూల దగ్గర ప్లేరుతో నొక్కాడు. పటుక్కుమంది. చీటీ చిరిగిపోయింది. ఆయన డబ్బును బయటికి తీశాడు. అంచులు పట్టుకోలేదు. రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దాడు, చలికాలం పొద్దున్నే చేతులు రుద్దుకున్నట్టు. తన బుగ్గకు ఆనించి వెచ్చబడిందో లేదో చూసుకున్నాడు. అప్పుడు, సింహాలు పైకి ఉండేలా, పిల్ల బొడ్డు మీద ఆనించాడు.

వెచ్చబెట్టడం గురించి నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పే అవకాశం ఎవరిచ్చారు?

పిల్ల ఏడుపు ఆపి ఆయన ఉంగరం పట్టుకుంది. ఆ ఉంగరం విడిపించుకోవడానికి ఆయన ఏమీ తొందరపడలేదు. ఆవిడ డబ్బుకు దండం పెట్టుకుని, నా చేతిలో పెట్టి, మండవల్లి బస్సుకు వెళ్లింది.

"మీకెవరు చెప్పారండీ అలా రుద్దాలని?" అన్నాను.

ఆయన తువ్వాలు దులుపుతూ, "ఉల్లిపాయలు ఎండలో ఆరబెట్టండి, తడిగా ఉన్నాయి" అన్నాడు.

తర్వాతి సమావేశంలో నేను లేచి జరిగింది చెప్పాను. లెక్చరరుగారు "డబ్బా ఏదండీ? చీటీ ఏదీ?" అన్నారు. నేను బావగారి వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తూ కాఫీ గ్లాసు తిప్పుతున్నాడు. ఫ్యాన్ ఆగిపోయింది.

మర్నాడు మళ్లీ ఉల్లిపాయల సంచీ వచ్చింది. ఉల్లిపాయలు మంచివే, తింటున్నాము. కాని నాకు కావలసింది అవి కాదు.

బావగారూ, సాక్ష్యానికి నేనున్నాను అన్నది మీరే. వచ్చే ఆదివారం సమావేశంలో మీరు లేచి నిలబడండి, ఫ్యాన్ నేను చూసుకుంటాను. ఆ అరుగుదల చలామణీయో పాడుచేయడమో ముందు అందరిముందూ చెప్పండి. అది అయ్యాక నాకు ఒక్కడికే ఇంకో జవాబు చెప్పాలి. రాగిని అంచులు తప్ప ముట్టుకోకూడదని మా అందరికీ నేర్పిన మీకు, దాన్ని అరచేతుల్లో రుద్ది వెచ్చబెట్టాలని ఎవరు నేర్పారు?