నీలం జిగురు

చిన్నది నా నైటీ పట్టుకుని లాగితే తల తిప్పి చూశాను. దాని కింది పెదవి మీద, గదుమ మీద నీలంగా ఉంది. స్కెచ్ పెన్ను అనుకున్నాను. బొటనవేలితో తుడిచాను. వేలికి జిగటగా అంటుకుంది. స్కెచ్ పెన్ను జిగటగా ఉండదు. ఆ సంగతి మెదడుకు అందేలోపే నా కాళ్ళకు అందినట్టుంది, కుర్చీలోంచి ఎప్పుడు లేచానో తెలియదు.

"మా, బాగలేదు," అంది మూడేళ్ల పిల్ల, నాలుక బయటపెట్టి. నాలుక మీద కూడా నీలమే. బల్ల మీద జిగురు సీసా, పక్కన మూత.

ఆ జిగురులో మైలుతుత్తం ఉంది. టమాటా చెట్లకు తెగులు రాకుండా సున్నంతో కలిపి కొడతారే, ఆ నీలం పలుకులు. అది అందులో ఉందని ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

నేను కథలు రాసేదాన్ని. కుప్పంలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్ మంచం మీద బోర్లా పడుకుని రాసిన కథ ఒకటి వారపత్రికలో అచ్చయింది. తర్వాత ఇంకో నాలుగు. పెళ్ళయి మదనపల్లెకు వచ్చాను. ఆయనకేమో కుప్పంలో గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. నేను చదువుకున్న ఊళ్ళో ఆయన, ఆయన పుట్టిపెరిగిన ఊళ్ళో నేను. శనివారం రాత్రి బస్సు దిగితే సోమవారం తెల్లవారి ఎక్కేస్తాడు. మిగతా రోజుల్లో ఇంట్లో నేను, మా అత్త, ఇద్దరు ఆడపిల్లలు.

చిన్నది కడుపులో పడ్డప్పుడు ఆగిపోయింది రాత. నాలుగేళ్ళు. నోటుబుక్కు తెరవడం, ఒక వాక్యం రాయడం, కొట్టేయడం. కొన్నాళ్ళకు కొట్టేయడానికైనా వాక్యం రాకుండా పోయింది. పెళ్ళిళ్ళలో చుట్టాలు అడిగేవాళ్ళు, "ఇంకా కథలు రాస్తాండావా మే?" అని. నేను నోరు తెరిచేలోపే మా అత్త జవాబు చెప్పేది. "ఇద్దరు పిల్లోళ్ళను పెట్టుకోని యాడ రాస్తాదిలేమ్మా, పాపం." ఆ పాపం అన్న మాట నాకు తిట్టుకన్నా ఎక్కువగా తగిలేది. ఇంకెవరూ ఏమీ అనలేదు. నేను రాయకపోతే ఎవరికీ ఏ పనీ ఆగలేదు, ఒక పూట వంట కూడా ఆలస్యం కాలేదు. నా రాత విలువ అంతేనని నాలుగేళ్ళలో బాగా అర్థమైంది.

కాగితం పని బడి వల్ల మొదలైంది. పెద్దది రెండో తరగతి. ఒకరోజు రాత్రి ఎనిమిదిన్నరకు తల్లుల గ్రూపులో టీచర్ మెసేజ్ పెట్టింది: రేపు ప్రతి పిల్లా సొంతంగా చేసిన కాగితం లాంతరు తేవాలి. సొంతంగా అంటే ఏమిటో తల్లులందరికీ తెలుసు. కొందరు అప్పటికప్పుడు బజారుకు పోయి రెడీమేడ్‌వి కొనుక్కొచ్చారు. నేను పాత క్యాలెండర్ మడిచి, కత్తిరించి, అన్నం మెతుకులతో అంటించాను. లాంతరు వంకరగా వచ్చింది. కానీ మడతలు పెడుతున్న ఆ గంటలో నేను ఒక్కసారి కూడా నన్ను తిట్టుకోలేదు. అలా జరిగి చాలా కాలమైంది.

ఆ తర్వాత ఆపలేదు. మధ్యాహ్నం చిన్నది పడుకోగానే డబ్బాలు, కవర్లు, విసనకర్రలు చేసేదాన్ని. చివరికి పుస్తకాల దగ్గరకు వచ్చాను. ఒక తెల్ల కాగితాన్ని మూడుసార్లు మడిచి, నడుమ చీలిక పెట్టి తిప్పితే ఎనిమిది పేజీల పుస్తకం అవుతుంది, అరచేతిలో పట్టేంత. దానికి పెళ్ళిపత్రిక అట్ట అంటించేదాన్ని. ఆ పేజీలో ఒక్క వాక్యం రాస్తే చాలు, నిండిపోతుంది. మా వీధి చివర మిషన్ కుట్టే సాయిబు అంగడిలో గుడ్డ ముక్కల మీద పడుకునే పిల్లి గురించి ఎనిమిది వాక్యాలు రాశాను. తర్వాత మార్కెట్ యార్డు ముందు చితికిన టమాటాలు ఏరుకునే ఆమె గురించి ఎనిమిది. కథలు కావవి. కానీ నిండిన పేజీలు. నిండిన పేజీని చూసి నాలుగేళ్ళయింది.

"పెద్దమ్మి బడికి కావాలని చేస్తాండావనుకుంటే, నీకే పిచ్చి పట్టిండాది," అనేది మా అత్త.

మైదాతో జిగురు ఉడికించేదాన్ని. వెచ్చగా ఉన్నప్పుడు పిల్లలిద్దరూ వేలు ముంచి నాకేవాళ్ళు. ఉత్త మైదానే కదా అని నవ్వేదాన్ని. నవ్వుతూ నేర్పించాను నా బిడ్డకు, జిగురు తినొచ్చని.

ఒక ఉదయం చూస్తే పుస్తకాల వెన్నులన్నీ బొద్దింకలు కొరికేశాయి. పిల్లి పుస్తకం సగం లేదు. పుంగనూరులో మా అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను. మా చిన్నప్పుడు మా అమ్మ పాత పేపర్లతో కవర్లు అంటించి అంగళ్ళకు వేసేది. జిగురు సంగతి ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ వారమే చిన్నదాన్ని ఎత్తుకుని పుంగనూరు పోయాను.

"ఉత్త మైదా పెడితే పురుగుల్ని పిలిచి అన్నం పెట్టినట్టే గదమ్మా," అంది. "రవ్వంత మైలుతుత్తం ఎయ్యాల. ఇంగ ముట్టవు."

"విషం కాదామ్మా?"

"మీ నాయన ముప్పై ఏండ్లు టమాటాకు కొట్టినాడు, మనం తిన్నాం. బతకలా? పిల్లోళ్ళకు అందనీయాకు, అంతే."

అది కలిపిన జిగురు ఉడికించి సీసా నిండా పోసి ఇచ్చింది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. బీరువా పైన పెట్టాను. పని ఉన్నప్పుడు దించడం, మూత పెట్టి మళ్ళీ పైన పెట్టడం. నెల రోజులు ఒక్కసారి కూడా తప్పలేదు. తలుపు గడియ మూడుసార్లు, గ్యాస్ నాలుగుసార్లు చూసుకునే మనిషిని నేను. నిద్రపోతున్న పిల్లల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని. ఇలాంటి పొరపాటు నాలాంటి దానికి జరగదనుకునేదాన్ని.

ఆరోజు రెండో శనివారం, పెద్దదానికి బడి లేదు. మధ్యాహ్నం మా అత్త హాల్లో పడుకుంది. పెద్దది నా పక్కన కాసేపు కాగితాలు కత్తిరించి, విసుగొచ్చి వరండాలోకి పోయి బొమ్మలు వేసుకుంటోంది. చిన్నది మంచం కింద ఏదో ఆడుతోంది. నేను ఒక చిన్న పుస్తకానికి అట్ట అంటించి, మొదటి పేజీలో వాక్యం రాశాను. అది ఆగలేదు. రెండోది వచ్చింది, మూడోది ఆ పేజీలో పట్టలేదు. లేచి పాత పొడుగు నోటుబుక్కు తీశాను. సీసాకు మూత పెట్టకుండానే.

అరగంట రాశాను. రెండు పేజీలు, కొట్టివేత లేకుండా.

ఆ అరగంటలో చిన్నది నన్ను మూడుసార్లు పిలిచింది. మా. మా. మా. నాకు వినపడింది. వినపడలేదని అందరూ అనుకున్నారు, అనుకోనిచ్చాను. "ఉండు" అని కూడా అనలేదు. ఆ ఒక్క మాట అంటే వాక్యం తెగిపోతుందని భయం.

దాని నోరు కడిగి, ఎత్తుకుని, సీసా కూడా పట్టుకుని ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాను. దారిలోనే వాంతి చేసుకుంది, నీలంగా, నా భుజం మీద. డాక్టరమ్మ సీసా చూసి, వాసన చూసి, "ఎంతసేపయిందమ్మా తిని?" అంది.

"ఐదు నిమిషాలు."

ఆ అబద్ధాన్ని ఎంతోసేపు మోయలేకపోయాను. సెలైన్ పెడుతున్న నర్సు దగ్గరకు పోయి, "అరగంట అయ్యుంటుంది సిస్టర్, నాకు తెలియదు," అన్నాను. ఆమె కాగితం మీద దిద్దుకుంది. ఎందుకు తెలియదని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

కుప్పం నుంచి ఆయన నేరుగా ఆసుపత్రికే వచ్చాడు. రాత్రి దాకా ఉంచుకుని, రక్తం పరీక్ష చేసి, పర్వాలేదు పొమ్మన్నారు. కొంచెమే నాకింది, అదీ వాంతిలో పోయింది అన్నారు. నేను ఆటోలో బిడ్డ తల వాసన చూస్తూ కూర్చున్నాను. బిడ్డ దక్కింది. అక్కడితో భయం అయిపోయిందనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి మా అత్త పెద్దదాన్ని ముందు నిలబెట్టుకుని ఉంది.

"నువ్వు పక్కనే ఉంటివి గదే! కండ్లు యాడ పెట్టినావు? మూత తీసింది నువ్వే గదా? నిజం సెప్పు."

ఏడేళ్ళ పిల్ల, గౌను అంచు నలుపుకుంటూ నిలబడింది.

"పోనీలేమ్మా," అన్నాడు ఆయన. "సిన్నపిల్ల. దానికేం తెలుస్తాది, పెట్టడం మరిసిపోయింటుంది. ముందు ఈ చెత్తంతా బయట పారేయాల." డబ్బాలు, లాంతర్లు, విసనకర్రలు గోనెసంచిలో కుక్కాడు. నావైపు తిరిగి, "నువ్వు కూడా ఎందుకిచ్చినావు దానికి సీసా?" అన్నాడు.

పెద్దది తలెత్తి నన్ను చూసింది.

నేను సంచి మూతి బిగించడానికి దారం అందించాను.

నాలుగేళ్ళు ఒక్క వాక్యం రాక అల్లాడినదాన్ని. ఆ నిమిషంలో చెప్పాల్సినవి మూడు చిన్న వాక్యాలు. నింద సగం కాగితాల మీదికి పోయింది, సగం పెద్దదాని మీదికి పోయింది. నాకు హాయిగా ఉంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ హాయిగానే ఉంది.

అది అన్నం తినలేదు. చెల్లెలి పాదం పట్టుకుని పడుకుంది. అందరూ పడుకున్నాక నోటుబుక్కు తీసి ఆ రెండు పేజీలు చదివాను. బాగున్నాయి. బాగలేకుంటే చింపేసి ఉండేదాన్ని, సులువుగా ఉండేది. నా బిడ్డ విషం నాకుతున్నప్పుడు రాసిన పేజీలు నేను ఇంతవరకు రాసినవాటిలోకెల్లా బాగున్నాయి. దాన్ని ఏం చేసుకోవాలో నాకిప్పటికీ తెలియదు. జిగురు మాత్రం మోరీలో పోసి సీసా కడిగేశాను.

పొద్దున లేచేసరికి పిల్లలిద్దరూ మంచం మీద కూర్చుని ఉన్నారు. పెద్దది చిన్నదానికి చెబుతోంది, "నేను మూత పెట్టుంటే నీకు సూది ఏసుండరు. ఇంగోసారి పెడతాలే."

ఒక్క రాత్రిలో అది నమ్మేసింది.

వాళ్ళ ముందు నేల మీద కూర్చున్నాను. "మూత తీసింది నేను," అన్నాను. "నువ్వు ముట్టనే లేదు. పాప నన్ను మూడుసార్లు పిలిచింది, నాకు వినపడింది. రాసుకుంటాంటి. పలకలేదు."

పెద్దది నా ముఖంలోకి చూసింది. "అవ్వకు సెప్పినావా?"

"లేదు."

"నాయనకు?"

"లేదు."

"అయితే గట్టిగా సెప్పు."

వంటింట్లో మా అత్త దోసెలు పోస్తోంది. వరండాలో ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. నేను లేవలేదు. పిల్లల ముఖాలే చూస్తూ, ఇల్లంతా వినపడేట్టు మళ్ళీ చెప్పాను:

"మూత తీసింది నేనే. పెద్దది కాదు. పాప పిలిస్తే వినపడింది, వినపడినా పలకలేదు."