సాయిలు గొణుగుడు

వనపర్తి పెళ్లి బ్యాండులో సుకన్య గిటారు వాయిస్తుంది. ఆమె కాళ్ల దగ్గర రెండు పెడల్స్. నాయిస్ గేటు గిటారు గుయ్యిమనే చిన్న శబ్దాలను మింగేస్తుంది, కంప్రెసర్ వాటిని పైకి లేపుతుంది. పాటల మధ్య గొణిగే అలవాటున్న గాయకుడు సాయిలు మైకుకూ ఆమె అలాంటి జతే తగిలించి, తన కాళ్ల దగ్గరే పెట్టుకుంది.

మల్దకల్ పెళ్లిలో సాయిలు తానే శ్రుతి తప్పి, ఆమెను తిట్టాడు. సుకన్య అతని గేటు ఆపి, కంప్రెసర్ తొక్కింది.

పాట కాగానే సాయిలు గొణుగుడు పందిరంతా వినబడింది: "గీ పెండ్లిల మటన్ కూరేంది, గిట్ల నీళ్లు నీళ్లుగున్నది?"

పెళ్లికూతురి తండ్రి గిన్నె, గరిటె పట్టుకుని స్టేజీ ఎక్కాడు. "జర ముక్కలేసుకో సాయిలన్నా!"

సాయిలు తలెత్తకుండా తిన్నాడు. నవ్వాపుకోలేక సుకన్యకు పొలమారింది.