కుంకుమ బొట్టు పెట్టిన వాల్వులు

కడపలో మా ఇంటికి పాటలు వినడానికి వచ్చే మిత్రులు నా చెవుల గురించి ఒక కథ చెప్పుకుంటారు. పాత వాల్వేదో, కొత్త వాల్వేదో వినగానే చెప్పేస్తానట. ఆ కథ తప్పు. దానివల్ల మా బావకు "సీరియల్ బల్బులాయన" అనే పేరు పడింది. ఆ పేరు పెట్టింది నేనే, తీసేయాల్సిందీ నేనే.

వాల్వంటే వెనకటి రేడియోల్లో ఉండే గాజు బుడ్డి. కరెంటు తగలగానే లోపల నిప్పుకణికలా వెలుగుతుంది. నా యాంప్లిఫయర్‌లోని జత ఎప్పుడో తయారై, వాడకుండా మిగిలిపోయిన పాత సరుకు; అలాంటివే బాగా పాడతాయని మాబోటి వాళ్ల నమ్మకం. మా ఆవిడ అన్నకు, అంటే మా బావకు, కర్నూల్లో బట్టల అంగడి. అతనూ ఒక యాంప్లిఫయర్ కొని, దానికి కొత్తగా తయారైన జత తెచ్చుకున్నాడు. ఆత్రంగా బిగించబోయి ఒకదాని అడుగున సూదిలా ఉండే కాలు వంచేశాడు కూడా.

వచ్చినప్పుడల్లా ఆ జతను సంచిలో తెచ్చి, "ఒక్కసారి నావి పెట్టి సూడు బావా" అనేవాడు.

"అవి వాల్వులు కావు, సీరియల్ బల్బులు. పండక్కి మీ అంగడి ముందర కట్టుకో" అనేవాణ్ని, అందరి ముందూ. అతను నవ్వుతూనే పెట్టె మూసేవాడు.

ఒక ఆయుధపూజ నాడు మిత్రులంతా మా ఇంట్లోనే ఉన్నారు, బావ కూడా తన జతతో వచ్చాడు. స్కూటర్ నుంచి మిక్సీ దాకా అన్నిటికీ బొట్టు పెట్టిన మా ఆవిడ, రెండు జతల వాల్వులనూ తడిగుడ్డతో తుడిచి, కుంకుమ పెట్టి పళ్లెంలో పేర్చింది. వాటి మీద అచ్చేసిన కంపెనీ పేర్లు తడికి చెరిగిపోయాయి. ఏ జత ఎవరిదో తెలియలేదు.

నేను లబోదిబోమంటే, "దుమ్ముతోనే పూజ చేస్తారా యాడన్నా?" అంది.

"ఏం పరవాలేదు. నీకు చెవులుండాయి కదా బావా, విని చెప్పు" అన్నాడు బావ.

బావ ఒక జత బిగిస్తే విన్నాను. అతనే మార్చి రెండోది పెడితే విన్నాను. నిజం చెబుతున్నాను, నాకు ఏ తేడా తెలియలేదు. అయినా గొంతు సవరించుకుని, "మొదటిది పాతది. మహానంది కోనేరు మాదిరి ఉండాది, అడుగున గుండుసూది పడినా కనపడతాది. రెండోది బోరు నీళ్లు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. బావ ఆ బోరు నీళ్ల జతను పెట్టెలో పెట్టుకుని కర్నూలు బస్సెక్కాడు.

మొన్న దుమ్ము దులుపుతూ నా వాల్వులు ఊడదీశాను. ఒకదాని కాలు వంకర! ఇన్నేళ్లూ తన్మయంగా తలాడిస్తూ విన్నది బావ సీరియల్ బల్బులనన్నమాట. కాసేపు సిగ్గేసింది. తర్వాత నవ్వాగక, వెంటనే ఫోన్ చేశాను.

"బావా, కోనేరు నీది. బోరు నాది."

"నాకు ఆ పొద్దే తెలుసు. వంకరకాలు సూడ్లేదా నేను?"

"మరి చెప్పలేదేం?"

"అంతమంది ముందర నీ చెవులు కోసేది యాల అనుకుంటి. మళ్లా ఇంటికి పోయి పెడితే నీ పాతవి శానా బాగా పాడతాండాయి. చెప్తే ఎనక్కి అడుగుతావు కదప్పా!"

ఈ ఆదివారం మిత్రులందరినీ పిలిచాను. బావ వస్తున్నాడు. ఆ వంకరకాలు వాల్వుకు అందరి ముందూ నేనే బొట్టు పెడతాను. పాతవి మాత్రం తేనని ఇప్పుడే చెప్పేశాడు.