బూబమ్మ చెప్పిన రాజీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో బూతులకు లోటు లేదు గానీ, రాజీ అన్న మాట ఎవరైనా ఎత్తితే మా నాయన ముందున్న కంచం గోడకేసి కొట్టేవాడు. కారంపూడి దగ్గర మా ఊళ్ళో ఎనభైల్లో రెండు పార్టీలు. రాజీ అంటే ఓడిపోవడమని, మీసం తీసి అవతలివాడి చేతిలో పెట్టడమని మాకు ఉగ్గుపాలతోనే పట్టారు.

అలాంటి మనిషి ఒకరోజు తనే రాజీ కాగితం రాయించుకొచ్చాడు. మా బాబాయి అవతలి పార్టీవాణ్ణి చంపబోయి విసిరిన బాంబు గురితప్పి, సైకిల్ షాపులో పంచర్ వేస్తున్న వెనకింటి బూబమ్మ కొడుకు మీద పడింది. కుడి చెయ్యి మణికట్టు దాకా ఎగిరిపోయింది. వేళ్ళు రోడ్డుకు అవతల దొరికాయని బడిలో పిల్లలు చెప్పుకున్నారు. అతను బాబాయిని కళ్ళారా చూశాడు. ఎవరు వేశారో తెలియదు, కేసు వద్దు అని తల్లి చేత వేలిముద్ర వేయిస్తే కొడుకు నోరెత్తడని, బాబాయి బయటపడతాడని మావాళ్ళ ఎత్తు. వెయ్యకపోతే కొంప తగలబెడతామని అరుగుల మీద కూర్చుని బాహాటంగానే అన్నారు.

బూబమ్మకు తెలుగు చదవడం రాదు. మీ పిల్ల చదివితే నమ్ముతాను, ఆ పిల్ల నాకు అబద్ధం చెప్పదు అందట. ప్రతి రంజానుకూ ఆమె చేతి సేమియా తిన్నదాన్ని మరి. ఆరో తరగతి చదివే నన్ను నాయన జబ్బ పట్టుకుని లాక్కుపోయాడు. మావాళ్ళు నలుగురు గొడ్డళ్ళతో గుమ్మంలో నిలబడ్డారు. నేను చదివాను. చివర "పూర్తి రాజీతో" అని రాగానే బూబమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఆ మాట మాదమ్మా," అంది. "అరబ్బీలోంచి ఉర్దూలోకొచ్చి, మీ తెలుగులోకొచ్చింది. మా దాంట్లో రాజీ అంటే మనసుకి ఇష్టమవటం. నికాకి ముందు పిల్లని అడుగుతాం, రాజీయేనా అని. పిల్ల కాదంటే పెళ్ళి లేదు. నువ్వే చూసి చెప్పు, నేను రాజీగా ఉండానా?"

నాయనకు ఓపిక పోయింది. ఆమె మణికట్టు మెలేసి, బొటనవేలిని ఇంకు ప్యాడ్ మీద అదిమి, కాగితం మీదకు లాగుతున్నాడు. కొడుకు మంచంలోంచి లేవలేక మమ్మల్నే చూస్తున్నాడు.

"లేదు నాయనా. ఆమె రాజీగా లేదు," అన్నాను.

నాయన ఆమెను వదిలి నా మూతి మీద గుద్దాడు. ముందు పన్నొకటి ఊడి కాగితం మీద పడింది, దాని వెనకే నెత్తురు. ఆ కాగితం ఇక ఎందుకూ పనికిరాలేదు. ఇంకోటి రాయించుకొచ్చేలోపు తల్లీకొడుకులు నరసరావుపేట బస్సెక్కి చుట్టాలింటికి పోయారు. మావాళ్ళు ఊరికే ఉంటారా, ఖాళీ ఇంటికి నిప్పు పెట్టారు. అయినా అతను కోర్టుకొచ్చి చూసింది చూసినట్టు చెప్పాడు. బాబాయికి శిక్ష పడింది. నాయన చచ్చేదాకా నాతో మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు.

తర్వాత ముప్ఫై ఏళ్ళు కోర్టు కాగితాలు తర్జుమా చేస్తూ బతికాను. రాజీ అని ఉన్నచోట ఇంగ్లీషులో కాంప్రమైజ్ అని టైపు కొట్టాలి. ఆ ఇంగ్లీషు మాటలో నాకు ఎవరి మనసూ కనబడేది కాదు. అందుకని కొట్టేముందు ఎదురుగా నిలబడ్డ మనిషిని, నీకిష్టమేనా అని అడిగేదాన్ని. అది నీ పని కాదని పైవాళ్ళు ఎన్నిసార్లు కసిరినా మానలేదు. తల అడ్డంగా తిప్పినవాళ్ళను, ఆ ముక్క జడ్జిగారితో చెప్పమని లోపలికి పంపేదాన్ని. అలా అడిగిన ప్రతిసారీ నా నాలుక ఆ పన్ను లేని చోటికి పోయేది. ఇప్పటికీ పోతుంది.